రైతు చేతికి ఫోనొచ్చింది.. మాట రాలేదు

1998 నవంబరు 22న హైదరాబాద్‌లో సైబర్ టవర్స్‌ను నాటి ప్రధాని వాజపేయి ప్రారంభించారు. కంప్యూటర్ యుగం వచ్చేసిందని, ఇక పల్లె పల్లెకూ సమాచారం పరుగెత్తుకుంటూ పోతుందని పాలకులు చెప్పారు. ఆ ఏడాది మొదట్లోనే, ఆ టవర్లకు నూట యాభై కిలోమీటర్ల దూరంలోని వరంగల్ జిల్లాలో, లద్దెపురుగు తినేసిన పత్తిచేలల్లో, పురుగు చావని మందును రైతులు తాము తాగి చచ్చిపోయారు.

ఆ రైతులకు కరువైంది నీళ్లో, అప్పో మాత్రమే కాదు. సమయానికి సరైన మాట చెప్పే మనిషి కరువయ్యాడు. చేలో కనబడ్డది ఏ పురుగు, అది ఏ దశలో ఉంది, మందు కొట్టాల్నా వద్దా అని చెప్పవలసిన వ్యవసాయ శాఖ ఊరికి రాలేదు. చెప్పింది ఎవరు? మందుల దుకాణం యజమాని. అప్పు ఇచ్చేదీ ఆయనే, మందు అమ్మేదీ ఆయనే, సలహా చెప్పేదీ ఆయనే. చాలా చోట్ల పంట కొనేదీ ఆయనే. రోగం చెప్పేవాడే మందు అమ్ముకునేవాడైతే ఎన్ని మందులు రాస్తాడో వేరే చెప్పాలా? ఒక మందు మీద ఇంకో మందు, దాని మీద మరొకటి కొట్టించారు. పురుగు మొండికేసింది. అప్పు మాత్రం పెరిగింది.

ఇదంతా పాత కథ అనుకుంటున్నారా? ఆ తర్వాత పాతికేళ్లకు పైగా గడిచాయి. 2004 జనవరి 21న కిసాన్ కాల్ సెంటర్ వచ్చింది. 2013లో ఎంకిసాన్ పేరుతో రైతుల ఫోన్లకు మెసేజ్‌లు మొదలయ్యాయి. 2015 మే 26న డీడీ కిసాన్ చానల్ పెట్టారు. 2016 ఏప్రిల్ 14న ఈ-నామ్ మార్కెట్ తెచ్చారు. ఇప్పుడు యాప్‌లు, చాట్‌బాట్‌లు, కృత్రిమ మేధ అంటున్నారు. రైతు జేబులో ఫోను ఉంది. ఆ ఫోనులో ప్రపంచమంతా ఉంది. కానీ పత్తి ఆకు ఎర్రబడ్డ రోజున అదే రైతు ఆకు తెంపుకుని ఎక్కడికి పోతున్నాడు? అదే మందుల దుకాణానికి!

ఎందుకిట్లా అని మనం అడగాలి. రైతుకు చదువు రాదు, ఫోను వాడరాదు అని తప్పు రైతు మీదికి నెట్టేయడం పాలకులకు అలవాటు. మేం అంటున్నది వేరు. చేను చూసే మనిషి వెనుక లేని ఫోను, తిరిగి ప్రశ్న వేసే వీలు లేని సలహా, తప్పైతే జవాబు చెప్పే బాధ్యత లేని సమాచారం.. ఇవి విస్తరణ సేవ కావు, ప్రచారం మాత్రమే. టెక్నాలజీకి మేం వ్యతిరేకం కాదు. అది ఎవరి చేతిలో ఉంది, ఎటు నుంచి ఎటు మాట్లాడుతోంది అన్నదే మా ప్రశ్న.

లెక్కలు దాచని నిజం

2003లో జాతీయ నమూనా సర్వే సంస్థ దేశమంతటా రైతు కుటుంబాలను ఒక ప్రశ్న అడిగింది. సాగు గురించి మీకు సలహా ఎక్కడి నుంచి వస్తోంది అని. నూటికి అరవై కుటుంబాలు ఎక్కడి నుంచీ రావడం లేదన్నాయి. మొత్తం కుటుంబాల్లో తోటి రైతు దగ్గర తెలుసుకున్నవారు 16.7 శాతం, దుకాణదారు చెప్పింది విన్నవారు 13.1 శాతం, రేడియో విన్నవారు 13 శాతం. ప్రభుత్వ విస్తరణ ఉద్యోగి ద్వారా సలహా పొందినవారు 5.7 శాతం! అంటే ప్రభుత్వం కన్నా దుకాణదారు రెండింతల మందికి దగ్గరగా ఉన్నాడు. పదేళ్ల తర్వాత 2013లో మళ్లీ సర్వే చేస్తే సలహా అందిన కుటుంబాలు 41 శాతం. ఆ పదేళ్లలోనే ఊరూరికీ సెల్‌ఫోన్ టవర్లు లేచాయి, కాల్ సెంటర్ వచ్చింది. అయినా లెక్క కదలలేదు.

మన రాష్ట్రం సంగతి చూద్దాం. 5 వేల ఎకరాలకు ఒక క్లస్టర్ చొప్పున 2,601 క్లస్టర్లు చేసి, ఒక్కోదానికి వ్యవసాయ విస్తరణాధికారిని పెట్టాలన్నది తెలంగాణలో తీసుకున్న నిర్ణయం. దేశంలో చాలా రాష్ట్రాలతో పోల్చితే ఇది ముందడుగే. కాదనడం లేదు. కానీ ఒక్కసారి లెక్క వేయండి. 2015-16 వ్యవసాయ గణన ప్రకారం మన సగటు కమతం ఒక హెక్టారు, అంటే రెండున్నర ఎకరాలు. 5 వేల ఎకరాలంటే 2 వేల మంది రైతులు. ఏఈవో పొద్దున లేచింది మొదలు మరే పనీ పెట్టుకోకుండా రోజుకు పది చేలు తిరిగినా అందరి చేలూ ఒక్కసారి చూడడానికి 200 రోజులు పడుతుంది. అప్పటికి పత్తి పంటే అయిపోతుంది!

మరి ఆ ఏఈవోకు మరే పనీ లేదా? పంటల నమోదు ఆయనదే. రైతు బీమా కాగితాలు ఆయనవే. పెట్టుబడి సాయం జాబితాలు ఆయనవే. కొనుగోళ్ల కాలంలో టోకెన్లు ఆయనవే. యూరియా లైన్ల దగ్గర నిలబడేదీ ఆయనే. 2024 అక్టోబరులో డిజిటల్ క్రాప్ సర్వే భారం మోయలేమని ఏఈవోలు రోడ్డెక్కితే, వారి మాట వినాల్సింది పోయి సస్పెన్షన్లు చేశారు. చేనుచేనుకూ తిరిగి ఫొటో తీయమన్నారు. ఆ ఫొటో దేనికి? పంటకు వచ్చిన రోగం చెప్పడానికి కాదు, సర్వే నంబరులో ఏ పంట ఉందో పైకి పంపడానికి! విస్తరణ ఉద్యోగి అంటే రైతుకు విద్య చెప్పే పంతులు. ఆ పంతులును తీసుకుపోయి డేటా ఎంట్రీ గుమస్తాను చేశారు. డిజిటల్ పరికరం ఉద్యోగి భారం తగ్గించాలి. మన దగ్గర అదే కొత్త భారమై కూర్చుంది.

ఊరుగొండ చెప్పిన పాఠం

ఇంకో రకంగా చేయడం సాధ్యమేనా? సాధ్యమే. మన గడ్డ మీదే చేసి చూపించారు. 2004లో హైదరాబాద్ ట్రిపుల్ ఐటీలో ఆచార్య పి.కృష్ణారెడ్డి నాయకత్వంలో ‘ఈ-సాగు’ అనే ప్రయోగం మొదలైంది. పత్తి రైతులు చచ్చిపోయిన అదే వరంగల్ జిల్లాలో, ఆత్మకూరు మండలంలోని ఊరుగొండ, గూడెప్పాడు, ఓగ్లాపూర్ గ్రామాల్లో 1,051 పత్తి చేలను తీసుకున్నారు.

వాళ్లు రైతు చేతికి కంప్యూటర్ ఇవ్వలేదు. యాప్ దించుకోమనలేదు. ఊళ్లో చదువుకున్న యువకులకు డిజిటల్ కెమెరాలు ఇచ్చి, వారానికోసారి ప్రతి చేనుకూ పంపారు. వాళ్లు ఆకులను, కాయలను, పురుగును ఫొటోలు తీశారు. ఎప్పుడు విత్తారు, ఏం ఎరువు వేశారు, ఏం మందు కొట్టారు అన్నది రాసుకున్నారు. అప్పటికి పల్లెల్లో ఫొటోలు పంపేంత ఇంటర్నెట్ లేదు. అందుకని ఫొటోలను సీడీల్లోకి ఎక్కించి కొరియర్‌లో హైదరాబాద్‌కు పంపారు. అక్కడ వ్యవసాయ పట్టభద్రులు ఒక్కో చేను ఫొటోలు, దాని పాత చరిత్ర ముందు పెట్టుకుని సలహా రాశారు. ఒకటి రెండు రోజుల్లో ఆ సలహా ఊరికి తిరిగొచ్చింది. అదే యువకుడు ఆ కాగితం పట్టుకుపోయి రైతుకు చదివి వినిపించాడు.

ఇందులో కీలకం ఎక్కడుందో గమనించండి. రైతు అడగకముందే సలహా వచ్చింది. అది ‘పత్తి రైతులకు సూచన’ అనే గుంపు మెసేజ్ కాదు, ఈ చేనుకు ఈ వారం ఇది చేయి అనే మాట. తెచ్చింది ఊరి పిల్లగాడు. చెప్పినట్టు చేస్తే పంట ఏమైందో వచ్చే వారం మళ్లీ అదే పిల్లగాడు చూస్తాడు. తప్పు చెబితే అడగడానికి మనిషి ఉన్నాడు. అనవసరపు మందులు తగ్గి ఖర్చు మిగిలిందని ప్రాజెక్టు నివేదికలు చెప్పాయి. సీడీ, కొరియర్ల కాలంలోనే ఇది చేయగలిగినవాళ్లు, అరచేతిలో కెమెరా, ఊరూరా ఇంటర్నెట్ ఉన్న ఈ రోజున ఎంత చేయగలరు?

కానీ ఆ తర్వాత మరికొన్ని జిల్లాలకు, పంటలకు విస్తరించినా ఈ-సాగు రాష్ట్రమంతటా శాశ్వత సేవ కాలేదు. ప్రయోగంగా మెచ్చుకున్నారు, ప్రయోగంగానే వదిలేశారు. ఎందుకు? కెమెరా ఒకసారి కొంటే సరిపోతుంది. కానీ చేను చుట్టూ తిరిగే యువకుడికి నెలనెలా జీతం ఇవ్వాలి. పరికరానికి పైసలు ఇస్తారు, మనిషికి ఇవ్వరు. ఏ ప్రభుత్వం వచ్చినా మన విస్తరణ సేవల రోగం ఇదే.

మాచునూరు మైకు

సలహా పై నుంచి కిందికే రావాలా? రైతుకు తెలిసింది ఇంకో రైతుకు పోవద్దా? దీనికీ జవాబు మన దగ్గరే ఉంది. జహీరాబాద్ ప్రాంతంలోని మాచునూరులో దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల దళిత మహిళలు నడుపుతున్న సంఘం రేడియోలో జొన్న, కొర్ర, సామ విత్తనాలు దాచుకోవడం మొదలు మందు లేకుండా పురుగును కాయడం దాకా వాళ్ల భాషలో, వాళ్ల యాసలో వాళ్లే చెప్పుకుంటారు. చెప్పేదీ రైతే, వినేదీ రైతే.

ఈ రేడియో కథలో పాలకుల బుద్ధి కూడా బయటపడుతుంది. గాలి తరంగాలు ప్రజల ఆస్తి అని 1995లోనే సుప్రీంకోర్టు చెప్పింది. మాచునూరులో స్టేషన్ 1998లోనే తయారైంది. కానీ లైసెన్స్ ఇవ్వలేదు. 2002లో విద్యాసంస్థలకు అనుమతించారు. 2006లో గానీ స్వచ్ఛంద సంస్థలకు దారి తెరవలేదు. చివరికి 2008 అక్టోబరు 15న ఆ మహిళల గొంతు 90.4 ఎఫ్‌ఎంలో గాలిలోకి వచ్చింది. మైకు, గది, పని నేర్చిన మనుషులు అన్నీ ఉండి పదేళ్లు ఆగాల్సి వచ్చింది. ఆ పదేళ్లూ కార్యక్రమాలు రికార్డు చేసి క్యాసెట్లు సంఘాల్లో వినిపించుకున్నారు. ఢిల్లీ నుంచి రైతుకు చెప్పే చానల్‌కు అడ్డు లేదు. రైతే చెప్పుకుంటానంటే మాత్రం పదేళ్ల నిరీక్షణ!

అదే సంఘాల మహిళలు వీడియో కెమెరా కూడా పట్టారు. 2002లో బీటీ పత్తికి అనుమతి వచ్చాక వరంగల్ చేలల్లో మూడేళ్లు తిరిగి, రైతుల చేతనే మాట్లాడించి సినిమాలు తీశారు. కంపెనీ ప్రకటన ఏం చెప్పింది, చేలో ఏం జరిగింది అన్నది పక్కపక్కన పెట్టి చూపించారు. 2005లో ఆంధ్రప్రదేశ్‌లో మొదటి మూడు బీటీ రకాలకు అనుమతిని కేంద్ర కమిటీ కొనసాగించలేదు. అది ఆ సినిమాల వల్లే అని మేం అనడం లేదు. రైతు చేతిలోని కెమెరా సాక్ష్యం చెప్పగలదు అంటున్నాం. ఈ రోజు యూట్యూబ్ తెరిస్తే ఎకరాకు ఇన్ని క్వింటాళ్లు అని ఊదరగొట్టే విత్తన వీడియోలు వందల్లో ఉన్నాయి. వాటిలో ఏది రైతు అనుభవం, ఏది డబ్బులిచ్చి తీయించిన ప్రకటన అని తేల్చి చెప్పే యంత్రాంగం ఏదీ?

బడి పోయి గేటు వచ్చింది

ఇప్పుడు ఇంకో ప్రమాదం వచ్చింది. నేర్పడానికి రావాల్సిన పరికరం అడ్డుకోవడానికి వస్తోంది. 2025లో పత్తి అమ్ముకోవడానికి సీసీఐ ‘కపాస్ కిసాన్’ యాప్ పెట్టింది. అందులో నమోదు కావాలి, స్లాట్ బుక్ చేసుకోవాలి, ఫోనుకు వచ్చిన ఓటీపీ కొట్టాలి. అప్పుడే మద్దతు ధర. పొడవు పింజ పత్తికి ఆ ఏడాది ప్రకటించిన ధర క్వింటాకు 8,110 రూపాయలు. ఆ ధర కావాలంటే ముందు యాప్‌లో పాస్ కావాలి! ఫోను నంబరు మారిన రైతు ఏం చేయాలి? స్మార్ట్‌ఫోను లేని ముసలి రైతు ఎవరి కాళ్లు పట్టుకోవాలి? అక్కరకొచ్చే పైసల కోసం పత్తిని దళారీకి తెగనమ్ముకుంటే ఆ నష్టం ఏ సర్వర్ కట్టిస్తుంది?

కౌలు రైతు బాధ ఇంకా పెద్దది. పాత పహాణీలో పట్టాదారు పేరుతోపాటు అనుభవదారు కాలం ఉండేది. చేను ఎవరు దున్నుతున్నారో ఆ కాగితం చెప్పేది. 2020 అక్టోబరులో వచ్చిన ధరణి పోర్టల్‌లో ఆ కాలం ఎత్తేశారు. ఒక్క కాలం తీసేస్తే దున్నేవాడు లెక్కలో లేకుండా పోయాడు. 2025 ఏప్రిల్‌లో ధరణి పోయి భూభారతి వచ్చింది. పోర్టల్ పేరు మారితే చాలదు, దున్నేవాడు లెక్కలోకి రావాలి. తెలంగాణ రైతుల్లో మూడో వంతుకు పైగా కౌలుదారులేనని రైతు స్వరాజ్య వేదిక 2022లో చేసిన సర్వే చెప్పింది. సలహా మెసేజ్ పట్టాదారు ఫోనుకు పోతే, ఆయన హైదరాబాద్‌లోనో దుబాయిలోనో కూర్చుని చదువుకుంటాడు. చేలో పురుగు ఏరుతున్న కౌలు రైతుకు ఆ మెసేజ్ ఎట్లా చేరుతుంది?

ఆడవాళ్ల సంగతి చెప్పనే అక్కర్లేదు. విత్తనం పెట్టేది, కలుపు తీసేది, పత్తి ఏరేది వాళ్లు. పురుగు మొదట కనబడేదీ వాళ్లకే. కానీ 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణ పల్లెల్లో ఒక్కసారైనా ఇంటర్నెట్ వాడిన మహిళలు ఐదింట ఒక వంతు కూడా లేరు. వ్యవసాయం చేసేవాళ్లు ఒకరు, ‘డిజిటల్ రైతు’గా నమోదయ్యేవాళ్లు ఇంకొకరు.

ఖమ్మం మిర్చి ఘాటు

ధర తెలిస్తే రైతు గెలుస్తాడు అన్నది ఇంకో ప్రచారం. ఈ-నామ్ వచ్చిన మరుసటి ఏడాదే, 2017 ఏప్రిల్‌లో ఖమ్మం మార్కెట్‌లో మిర్చి ధర కుప్పకూలింది. రైతులకు ధర తెలియక కాదు. బాగా తెలిసే కడుపు మండి మార్కెట్ కార్యాలయం మీద పడ్డారు. పది మంది రైతులను అరెస్టు చేసి, మే నెలలో చేతులకు సంకెళ్లు వేసి కోర్టుకు తెచ్చారు. దాచుకోవడానికి శీతల గిడ్డంగిలో చోటు, ఆగడానికి చేతిలో నాలుగు పైసలు లేనివాడికి ధర చూపించే తెర ఏం చేస్తుంది? ఎంత మోసపోతున్నాడో లెక్క చెబుతుంది, అంతే.

అదే ఖమ్మంలో 2022 నుంచి ‘సాగు బాగు’ ప్రయోగం నడిచింది. రాష్ట్ర ప్రభుత్వం, వరల్డ్ ఎకనామిక్ ఫోరం, డిజిటల్ గ్రీన్ కలిసి 7 వేల మంది మిర్చి రైతులకు తెలుగులో చాట్‌బాట్ సలహాలు, భూసార పరీక్షలు, నాణ్యత పరీక్షలు అందించాయి. ఎకరా దిగుబడి 21 శాతం పెరిగిందని, పురుగుమందుల వాడకం 9 శాతం తగ్గిందని, ధర 8 శాతం మెరుగైందని ఫోరం ప్రకటించింది. మంచి ఫలితం వస్తే మంచిదే అంటాం. ఇక్కడా గమనించాల్సిందేమిటంటే, ఆ ఫలితం ఒక్క చాట్‌బాట్ తెచ్చింది కాదు. మట్టి పరీక్ష, నాణ్యత లెక్క, అమ్మకం దారి అన్నీ కలిసి తెచ్చింది. చాట్‌బాట్ ఒక్కదాన్ని విడదీసి ఊరి మీద వదిలితే అది ఇంకో కాల్ సెంటర్ అవుతుంది. పైగా రైతుల చేల డేటా ఎవరి దగ్గర ఉంటుంది, దాన్ని విత్తన కంపెనీకో బీమా కంపెనీకో అమ్ముకోవద్దని ఎవరు కట్టడి చేస్తారు? ఈ జవాబులు కాగితం మీద రావాలి.

ఏం కావాలి?

రైతు వేదికలు కట్టారు. 2020 అక్టోబరు 31న కొడకండ్లలో మొదటిది తెరిచారు. 2024 మార్చి 6న తొలి విడతగా 110 వేదికల్లో వీడియో కాన్ఫరెన్స్ పెట్టి ‘రైతు నేస్తం’ మొదలుపెట్టారు. తర్వాత ఇంకా పెంచారు. మంగళవారం శాస్త్రవేత్తలు తెర మీద కనబడుతున్నారు, కొందరు రైతులతో మాట్లాడుతున్నారు. ఈ భవనాలూ, ఈ తెరలూ ప్రజల డబ్బుతో వచ్చినవి. వాటిని కూలగొట్టమని మేం అనం. వాటిని తిరగేయమంటాం. తెర మీద శాస్త్రవేత్త పాఠంతో కాదు, ఆ వారం ఆ క్లస్టర్ రైతుల ప్రశ్నలతో మంగళవారం మొదలు కావాలి. అడిగిన ప్రతి ప్రశ్న, దానికి ఇచ్చిన జవాబు, జవాబు ఇచ్చిన అధికారి పేరు వేదిక గోడ మీద రాసి పెట్టాలి.

ఏఈవోను డేటా చాకిరీ నుంచి విడిపించి చేనుకు పంపాలి. నమోదుల పనికి వేరే సిబ్బందిని పెట్టాలి. ఊరుగొండ పద్ధతిలో ప్రతి ఊరికీ ఒకరిద్దరు చదువుకున్న యువతీయువకులను చేను చూసే పనికి తీసుకుని జీతం ఇవ్వాలి. ఒకప్పటి ఆదర్శ రైతుల లాగ పార్టీ కార్యకర్తలకు పంచిపెట్టే పదవులుగా కాదు, పరీక్ష పెట్టి, పని చూసి. వ్యవసాయ డిగ్రీలు, డిప్లొమాలు పట్టుకుని నోటిఫికేషన్ కోసం ఎదురుచూస్తున్న బిడ్డలు ఇంతమంది ఉండగా మనుషులు దొరకరని ఎవరూ చెప్పలేరు. జయశంకర్ సారు పేరు పెట్టుకున్న వ్యవసాయ విశ్వవిద్యాలయం తన విద్యార్థులను ఒక సీజన్ అంతా క్లస్టర్లలో ఉంచాలి.

సలహా గానీ, సాయం గానీ, కొనుగోలు గానీ దున్నేవాడి పేరు మీద సాగాలి. కౌలు రైతును, మహిళా రైతును నమోదు చేయని ఏ యాప్‌నూ మనం ఒప్పుకోవద్దు. ఫోను లేని రైతుకు కాగితం దారి ప్రతి కొనుగోలు కేంద్రంలో తెరిచి ఉండాలి. జిల్లాకొకటైనా రైతు సంఘాలు నడిపే రేడియో రావాలి. పదేళ్లు ఆపకుండా లైసెన్స్ ఇవ్వాలి.

విద్యార్థి మిత్రులారా, ఉద్యోగ మిత్రులారా! మీలో ఎక్కువ మంది రైతు బిడ్డలే. ఈ వారాంతం ఊరికి పోయినప్పుడు ఒక పని చేయండి. మీ రైతు వేదిక ఎన్ని రోజులు తెరిచారో, ఎంతమంది ప్రశ్నలకు జవాబు వచ్చిందో అడగండి. రాకపోతే మండల వ్యవసాయాధికారికి సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టండి. ఐదు రూపాయల దరఖాస్తు కూడా ఒక పరికరమే. వాళ్ల యాప్‌లు మనల్ని ప్రశ్నలు అడుగుతున్నాయి, ఓటీపీ చెప్పు, ఆధార్ చెప్పు అని. ఇక మనం అడుగుదాం. పురుగు పట్టిన నాడు చేనుకు ఎవరు వస్తారు? ఆ మనిషి పేరు చెప్పండి!